టమాటా మొక్క మెడలో తెల్లగుడ్డ

ఆ పొద్దున్న సెలూన్ ఆయన పెట్టుకున్న పనులు రెండే. దుకాణం తలుపులు తీయకముందే వెనక పెరట్లో టమాటా పువ్వులకు మిషను పెట్టడం, ఆ తర్వాత జడ్జి గారికి గడ్డం గీయడం. రెండూ తీరిగ్గా చేసుకోవలసిన పనులే. ఆయనకు తీరిగ్గా తప్ప మరో రకంగా పని చేయడం చేతకాదు కూడా. కటింగుకు కూర్చున్నవాళ్లు ఒక కునుకు తీసి లేచి చూసినా ఆయన ఇంకా మొదటి చెవి దగ్గరే ఉండేవాడు. అందుకే వీధిలో అందరూ ఆయన్ను నిదానం అనేవాళ్లు. ఆ పేరు ఎంత అలవాటైపోయిందంటే, ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే, పిలిచింది ఎవరినా అని ఆయన కూడా వెనక్కి తిరిగి చూసేవాడు.

టమాటాలు వేయడానికి కారణం ఉంది. చలికాలం చివర్లో ఆయన భార్యకు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది గానీ, పోతూ పోతూ ఆమె నోట్లో రుచిని కూడా పట్టుకుపోయింది. ఏం పెట్టినా నాలుగు ముద్దలు తిని పళ్లెం పక్కకు జరిపేది. అంతకంటే కష్టమేమిటంటే, రుచి తెలియడం లేదన్న మాట ఆమె పైకి అనేది కాదు. ఏం తెచ్చి పెట్టినా "బాగుందండీ" అనేది. ఒకరోజు వంట ఆయనే చేసి, కూరలో ఉప్పు వేయడం మరిచిపోయాడు. దానికీ "బాగుందండీ" అంది. ఆ సాయంత్రం నిదానం వంటింట్లో నిలబడి ఉప్పు డబ్బా వంక చాలాసేపు చూశాడు. ఆయనకు భయమేసింది.

ఆ తర్వాత ఓ రోజు ఆమె మాటల మధ్యలో అంది, "టమాటా అంటే చెట్టున ఉన్నదాన్ని కోసి, ఎండకి వెచ్చగా ఉన్నప్పుడే కొరికెయ్యాలి. చిన్నప్పుడు మా పెరట్లో అట్లాగే తినేదాన్ని. సంచిలో వచ్చేదానికి ఏం రుచి ఉంటుంది."

చాలా వారాల తర్వాత ఆమె ఒక తిండివస్తువు గురించి తనంతట తాను మాట్లాడటం అదే. ఆ వారంలోనే ఆయన సెలూన్ వెనక పెరట్లో నారు నాటాడు. ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా ఆమెకు చెప్పలేదు. తన కోసం పెంచాడని తెలిస్తే, అది మట్టిలా ఉన్నా సరే ఆమె "బాగుందండీ" అనే అంటుంది. ఆయనకు కావలసింది ఆ మాట కాదు. ఎక్కడి నుంచో వచ్చిన కాయలా చేతిలో పెట్టి, ఆమె నోటి నుంచి ఒక్క నిజం మాట వినాలి. బాగోలేదన్నా సరే, అది నిజమైతే చాలు.

మొక్కలు బాగానే లేచాయి. ఎండలు ముదిరేసరికి పచ్చగా పూశాయి. పూసినవి పూసినట్టే రాలిపోయాయి. నిదానం నర్సరీ ఆవిడ దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాడు.

"మీ వీధిలో తుమ్మెదలున్నాయా?" అని అడిగింది ఆవిడ.

"మందుల షాపు ఉంది, చెప్పుల షాపు ఉంది," అన్నాడు నిదానం బాగా ఆలోచించి. "తుమ్మెదల్ని చూసిన గుర్తు లేదు."

"మరి పువ్వుని ఎవరు కదుపుతారు? తుమ్మెద వాలి జుమ్మని వణికిస్తేనే లోపలి పుప్పొడి రాలి కాయ కడుతుంది. జుమ్మనేది ఏదైనా తీసుకుని పొద్దున్నే పువ్వు కాడకి ఆనించండి."

జుమ్మనేదాని కోసం ఎక్కడా వెతుక్కునే పని నిదానానికి లేకపోయింది. బతుకంతా ఆయన చేతిలో మోగుతున్నది అదే. మర్నాటి నుంచి కటింగ్ మిషను తిరగేసి, పళ్లు లేని వీపు వైపును పువ్వు కాడలకు ఆనించడం మొదలుపెట్టాడు. లేత ఆకులు ఎండకు వాడిపోకుండా, గిరాకీల మెడకు కట్టే తెల్లగుడ్డను మొక్కకు కప్పి, జారిపోకుండా వెనక క్లిప్పు పెట్టాడు. తలల మీద నీళ్లు చల్లే సీసాతోనే ఆకుల మీదా చల్లాడు. నత్తలు రాకుండా, మట్టిలో తేమ ఆరిపోకుండా, దుకాణంలో ఊడ్చిన జుట్టును మొదళ్ల చుట్టూ పరిచాడు. ఇందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు. చిక్కల్లా ఒక్కచోటే వచ్చింది. చేతిలో మిషను మోగుతుంటే ఆయన నోరు ఊరుకోదు. అన్నేళ్ల అలవాటు.

సెలూన్ పైన రిటైరైన లెక్కల టీచరమ్మ అద్దెకుండేది. చలికాలం నుంచీ మూసి ఉన్న వెనక కిటికీని, ఉక్క భరించలేక, సరిగ్గా ఆ పొద్దున్నే తెరిచింది.

"తల కొంచెం ఇటు తిప్పండి," అంటున్నాడు నిదానం టమాటా మొక్కతో. "అంతే, అంతే. కదలకండి. చెవుల పక్కన ఎక్కువ తియ్యనులెండి."

టీచరమ్మకు పుకార్లంటే గిట్టదు. దేన్నైనా మెట్టు మెట్టుగా నిరూపించుకుంటే గాని నమ్మదు. మెడకు గుడ్డ ఉంది. నీళ్లు చల్లడం తన కళ్లతో చూసింది. మిషను మోగుతోంది. కింద కత్తిరించిన జుట్టు పడి ఉంది. కాబట్టి జరుగుతున్నది కటింగే. టమాటా మొక్కకు జుట్టు ఎక్కడి నుంచి వచ్చిందన్న మెట్టు దగ్గర ఆమె ఒక్క క్షణం ఆగింది గానీ, కంగారులో ఆ మెట్టు దాటేసింది.

ఆమె కిందికి దిగేసరికి జడ్జి గారు దుకాణం ముందుకు వచ్చారు. ఆయన కూడా రిటైరైనవారే. అయినా వీధిలో ఎవరు పోట్లాడుకున్నా తీర్పుకు ఆయన దగ్గరికే వస్తారు.

"జడ్జి గారూ, లోపలికి వెళ్లకండి. ఆయన వెనకాల టమాటా మొక్కకి కటింగ్ చేస్తున్నాడు."

"కొమ్మలు కత్తిరిస్తున్నాడేమోనమ్మా. అది మామూలే."

"మెడకి గుడ్డ కట్టి చేస్తున్నాడండీ. మాట్లాడుతున్నాడు కూడా."

"ఏమంటున్నాడు?"

"తల తిప్పమంటున్నాడు. మొక్కని 'మీరు' అంటున్నాడు."

ఒకరి మాట పట్టుకుని ఎవరి గురించీ ఒక నిర్ణయానికి రాకూడదని జడ్జి గారు ఉద్యోగమంతా చెబుతూ వచ్చారు. కానీ అప్పుడు తన ముందు నిలబడ్డవి ఇతరుల మెడలు. ఇప్పుడు కత్తి కిందికి వెళ్లవలసింది తన మెడ. "విచారించకుండా ఏమీ అనకూడదు," అన్నారు మెడ తడుముకుంటూ. "అయినా గడ్డానిదేముంది, రేపైనా గీయించుకోవచ్చు."

ఈ సంగతంతా నిదానానికి చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ పొద్దున్న మాత్రం ఆయన వేడినీళ్లు సిద్ధం చేసుకుని, అవి చల్లారితే మళ్లీ వేడి చేసుకుని, జడ్జి గారి కోసం ఎదురు చూశాడు. జడ్జి గారు రాలేదు. మర్నాడూ రాలేదు. మెల్లమెల్లగా మిగిలినవాళ్లూ ముఖం చాటేశారు. ఎండలకు జనం బయటికి రావడం లేదనుకున్నాడు నిదానం. ఎండలకు జుట్టు ఎక్కువ కత్తిరించుకోవాలి కదా అన్న ఆలోచన ఆయనకు రాకపోలేదు. వచ్చేసరికి సాయంత్రమైంది.

ఖాళీ దొరికింది కాబట్టి మొక్కల దగ్గరే ఎక్కువసేపు గడిపాడు. దానికి ఫలితం కూడా కనపడింది. ఒకరోజు ఎండిపోయిన పువ్వు వెనక బఠాణీ గింజంత పచ్చటి పిందె కనిపించింది. ఆ రోజంతా ఆయన ముఖం మీద నవ్వు చెరగలేదు. దుకాణంలో గిరాకీ లేదు, ఆయనేమో తనలో తాను నవ్వుకుంటున్నాడు. వీధికి ఇంకేం కావాలి.

మందుల షాపాయన కొంచెం ధైర్యస్థుడు. జుట్టు కళ్లలోకి పడుతుంటే తెగించి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. కటింగ్ కుడివైపు పూర్తయ్యేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత మెల్లగా మాట కదిపాడు.

"ఈ మధ్య నిద్ర సరిగ్గా పడుతోందా?"

"ఎక్కడండీ. ఈ ఎండకి వాళ్లు తట్టుకుంటారో లేదోనని ఒకటే బెంగ."

"ఎవరు?"

నిదానం చేతిలో కత్తెర ఆగింది. మందుల షాపాయన చెవిన పడ్డ మాట మందు చీటీలతో పాటు ఇంటింటికీ వెళ్తుంది. అట్లా తన ఇంటికీ చేరుతుంది. "ఎవరూ లేరండీ," అన్నాడు పెరటి తలుపు వంక చూసి, గొంతు తగ్గించి. "అక్కడ ఎవరూ లేరు."

మందుల షాపాయనకు అప్పుడే ఏదో అర్జెంటు పని గుర్తొచ్చింది. గుడ్డతో సహా లేచి వెళ్లిపోయాడు. ఆయన తల కుడివైపు పొట్టిగా, ఎడమవైపు గుబురుగా మిగిలిపోయింది. ఇక వీధిలో ఎవరికీ వేరే సాక్ష్యం అవసరం లేకపోయింది. మందుల కోసం వెళ్లినవాళ్లందరికీ ఆ తలే ఎదురుగా కనిపించేది.

కబురు ఎలక్ట్రీషియన్ దాకా వెళ్లింది. అతను నిదానం భార్యకు తమ్ముడు. బావగారి మీద అతనికి మొదటి నుంచీ ఒకే ఒక్క ఫిర్యాదు, అక్క పెళ్లి రోజున తనకు కటింగ్ చేస్తూ ముహూర్తం దాటించాడని. అలాంటివాడు దుకాణానికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా, ఆ మిషను వేడెక్కుతోందేమో. తీసుకెళ్లి చూస్తా."

"బాగానే ఉందిగా."

"లేదు బావా. వేడెక్కుతోంది." మిషను అప్పటికి కరెంటు లేకుండా, మేకుకు చల్లగా వేలాడుతోంది. "కత్తులు కూడా ఇవ్వు, సాన పట్టించి తెస్తా. ఆ కత్తెరలూ ఇటివ్వు."

"అన్నీ ఇస్తే నేను దేంతో పని చెయ్యను?"

"కొన్నాళ్లు ఏమీ చెయ్యకు. నువ్వు చాలా కష్టపడ్డావు బావా."

పెళ్లయిన ఇన్నేళ్లలో బావమరిది తనతో అంత ప్రేమగా మాట్లాడటం నిదానం ఎప్పుడూ వినలేదు. మనసు కరిగి, అడిగినవన్నీ ఇచ్చేశాడు. అతను వెళ్లిపోయాక గాని గుర్తు రాలేదు, రెండో విడత పువ్వులు అప్పుడే విచ్చుకుంటున్నాయని.

మర్నాడు పొద్దున్న నిదానం దుకాణమంతా గాలించాడు. చివరికి అలమర అడుగున, తలకు మసాజ్ చేసే మిషను దొరికింది. చేతి వెనక కట్టుకుంటే వేళ్లన్నీ జుమ్మని వణుకుతాయి. దాన్ని కట్టుకుని పెరట్లోకి వెళ్లి, ఒక్కొక్క కొమ్మనూ వేళ్ల మధ్య మెల్లగా పట్టుకున్నాడు. "కళ్లు మూసుకోండి, హాయిగా ఉంటుంది," అన్నాడు. పైన కిటికీ రెక్క చప్పుడు కాకుండా కదిలింది.

"ఇప్పుడు తలకి మసాజ్ చేస్తున్నాడు," అంది టీచరమ్మ జడ్జి గారితో.

జడ్జి గారు పెరిగిన గడ్డం గోక్కున్నారు. "నూనె పెట్టాడా?"

పురుగు పట్టకుండా నిదానం నీళ్లలో కాస్త నూనె కలిపి ఆకుల మీద చల్లిన మాట నిజమే. "పెట్టాడండీ," అంది టీచరమ్మ. జడ్జి గారు లేచి చేతికర్ర అందుకున్నారు.

టీచరమ్మ, జడ్జి గారు, బావమరిది కలిసి నిదానం ఇంటికి వెళ్లారు. మంచం మీద కూర్చున్న ఆమెకు విషయం చెప్పడానికి ఒకరి తర్వాత ఒకరు గొంతు సవరించుకున్నారు. చివరికి టీచరమ్మే మొదటి నుంచి వరసగా చెప్పింది. ఆమె అడ్డుపడకుండా విన్నది.

"నువ్వు కంగారుపడకక్కా," అన్నాడు తమ్ముడు. "దుకాణానికి తాళం వేసేద్దాం. అద్దెకి అడుగుతున్నవాళ్లున్నారు. వెనకాల ఆ పెరడంతా పీకించి శుభ్రం చేసి ఇచ్చేద్దాం. ఆ మొక్కలు కనపడకపోతే బావ మామూలు మనిషి అవుతాడు."

"టమాటాలేనా?" అని అడిగింది ఆమె.

"ఏవైతే ఏంటక్కా."

ఆమె లేచి, జుట్టు ముడి వేసుకుని, చెప్పులు వేసుకుంది. జ్వరం వచ్చిన తర్వాత ఆమె గడప దాటడం అదే మొదటిసారి. "నీకు ఓపిక లేదు, మేం చూసుకుంటాం," అంటున్న తమ్ముణ్ని పక్కకు తప్పించి ముందుగా ఆమే నడిచింది.

నిదానం అప్పుడు పెరట్లో ఒక్క కాయ ముందు నిలబడి ఉన్నాడు. అన్నిటికంటే ముందు రంగు తిరిగింది అదే. బుగ్గ ఎర్రబడింది, తొడిమ చుట్టూ ఇంకా పచ్చగానే ఉంది. ఇంకో నాలుగు రోజులు ఆగితే చాలు. అప్పుడు దాన్ని కోసి, ఎవరో గిరాకీ ఇచ్చాడని చెప్పి ఆమె చేతిలో పెట్టాలి. ఆమె ముఖం వంక చూడకుండా చూడాలి. ఇదంతా మనసులో అనుకుంటూ, చేతికి మసాజ్ మిషను కట్టుకుని ఉండగా, వెనక తలుపు కిర్రుమంది.

గుమ్మంలో నలుగురు ఉన్నారు. అందరికంటే ముందు ఆమె.

"బావా," అన్నాడు బావమరిది, కరెంటు తీగ దగ్గర మాట్లాడినట్టు. "ఆ మిషను విప్పి కింద పెట్టు. మెల్లగా."

"ఉండరా," అంది ఆమె. మొక్కల వంక, తెల్లగుడ్డల వంక, మొదళ్ల చుట్టూ ఉన్న జుట్టు వంక చూసింది. "ఎప్పుడు వేశారు?"

"నీకు జ్వరం తగ్గాక," అన్నాడు నిదానం.

ఆమె ఇంకేమీ అడగలేదు. మిగిలినవాళ్లు అడిగారు. నిదానం తన పద్ధతిలో, ఒకటొకటిగా చెప్పుకొచ్చాడు. తుమ్మెదలు లేకపోవడం చెప్పాడు. టీచరమ్మ అరచెయ్యి పువ్వు కింద పట్టించి, మిషను ఆనించి చూపించాడు. ఆమె అరచేతిలో పసుపుపచ్చటి పొడి సన్నగా రాలింది. ఆమె కళ్లజోడు సవరించుకుని దాని వంకే చూస్తూ ఉండిపోయింది.

"మరి గుడ్డ?" అన్నారు జడ్జి గారు.

"ఎండకండీ."

"జుట్టు?"

"దుకాణంలోదండీ. నత్తలు రాకుండా వేశాను."

"మాట్లాడటం దేనికి?"

నిదానం చాలాసేపు ఆలోచించాడు. "దానికి కారణం ఏమీ లేదండీ," అని ఒప్పుకున్నాడు.

జడ్జి గారు ఆ జవాబు గురించి ఆలోచిస్తుండగా చిన్న చప్పుడైంది. ఆమె ఆ కాయ కోసేసింది. వద్దనడానికి నిదానం నోరు తెరిచేలోపే కొరికేసింది. నిదానం నేల వంక చూశాడు. అంతా అయిపోయిందనుకున్నాడు. ఎవరి కోసం పెంచాడో ఆమెకు తెలిసిపోయింది. తమ్ముడు చూస్తున్నాడు, జడ్జి గారు చూస్తున్నారు. ఇక ఆ మాట తప్పదు. ఇన్ని వారాలు దేన్నుంచి తప్పించుకోవాలనుకున్నాడో ఆ 'బాగుందండీ' కోసం తల వంచుకుని కాచుకున్నాడు.

ఆమె నెమ్మదిగా నమిలింది. ముఖం చిట్లించింది.

"పుల్లగా ఉందండీ," అంది.

నిదానం తలెత్తాడు. "ఏమన్నావు?"

"పుల్లగా ఉంది. తొడిమ దగ్గరైతే ఒట్టి పచ్చి. ఇంకాస్త ఆగాల్సింది." చెయ్యి చాచింది. "ఉప్పుంటే పట్రండి."

నిదానం బోర్లించిన బకెట్టు మీద కూలబడ్డాడు. బావమరిది లోపలికి పరుగెత్తి, అద్దం ముందు గిన్నెలో ఉన్న తెల్లటి పొడి తెచ్చి అక్క చేతిలో పోశాడు. ఆమె కొరికిన వైపు దాంట్లో అద్దుకుని నోట్లో పెట్టుకుంది. వెంటనే పక్కకు ఉమ్మేసింది.

"ఒరేయ్, ఇది ఉప్పు కాదు, పటిక."

గడ్డం గీశాక ముఖానికి రాసే పటిక అది. ఉప్పు లేని కూరను బాగుందన్న మనిషి, పటికను నాలుక మీద పెట్టగానే పోల్చుకుంది. నిదానం ఏడ్చేశాడు. ఆయన ఏ పనైనా అంత తొందరగా చేయడం ఆ వీధిలో ఎవరూ అంతకుముందు చూడలేదు. ఆమె వచ్చి పక్కన నిలబడి, తడి చెయ్యి ఆయన తల మీద పెట్టింది. "మీరు పెంచారని బాగుందని అనలేను," అంది. "ఇంటికి పదండి, ఆకలేస్తోంది."

టీచరమ్మ గొంతు సవరించుకుంది. "జుట్టు ఎక్కడిదని నేను ముందే అడగాల్సింది," అంది గోడ వంక చూస్తూ. "ఒక మెట్టు దాటేశాను." ఆమె ఉద్యోగమంతట్లో ఆ మాట ఎప్పుడూ అని ఉండదు.

చెడ్డ కబురు ఎంత వేగంగా పాకిందో ఇదీ అంతే వేగంగా పాకింది. బావమరిది కత్తులూ కత్తెరలూ తెచ్చి ఇచ్చాడు. అబద్ధమాడిన పాపం పోవడానికి వాటిని నిజంగానే సాన పట్టించాడు. మర్నాడు నిదానం తలుపులు తీసేసరికి దుకాణం ముందు జనం బారులు తీరి ఉన్నారు. ఆయన గుండె నిండింది. ఆ తర్వాత చూశాడు, ప్రతివాళ్ల చేతిలోనూ ఒక కుండీ ఉంది.

వరసలో మొదట ఉన్నది టీచరమ్మ. "వంగ మొక్కండీ. పూస్తోంది గానీ పువ్వు నిలవడం లేదు," అంది. ఆమె వెనక మందుల షాపాయన, అదే సగం తలతో, మిరప మొక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తల సంగతి తర్వాత చూసుకోవచ్చన్నాడు. అందరికంటే చివర బెంచీ మీద, పెరిగిన గడ్డంతో, చేతిలో ఏ మొక్కా లేకుండా, జడ్జి గారు ఉన్నారు.

నిదానం వంగ మొక్కను కుర్చీలో కూర్చోబెట్టి, మెడకు తెల్లగుడ్డ కట్టి, వెనక క్లిప్పు పెట్టాడు.

"నేను మనిషినయ్యా," అన్నారు జడ్జి గారు బెంచీ మీద నుంచి. "ముందు నా సంగతి చూడకూడదూ?"

"పువ్వులకి ఎండెక్కకముందే చెయ్యాలండీ," అన్నాడు నిదానం మిషను అందుకుంటూ. "మీ గడ్డం రాలిపోయేది కాదు కదా."

జడ్జి గారు ఆ తీర్పుకు కట్టుబడి సాయంత్రం దాకా కూర్చున్నారు.